తెర మీద దారి: అంతర్జాల ప్రయాణ శోధన యంత్రాల వ్యాపారం – ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నేపథ్యం

వ్యాససంగ్రహం

బస్సు, రైలు, విమానం, వసతి గది – వీటిలో దేనికోసమైనా నేటి ప్రయాణికుడు ముందుగా ఆశ్రయించేది అంతర్జాల శోధన యంత్రాన్ని. ఈ సేవ ఉచితంగా అందుతున్నట్లు కనిపించినా, దాని వెనుక పెద్ద వ్యాపారం నడుస్తున్నది. ఆ వ్యాపారం పుట్టుక, ఆదాయమార్గాలు, అది జాబితాను కూర్చే పద్ధతి ఈ వ్యాసంలో వివరించబడ్డాయి. ఇందుకు రెండు ప్రధాన జాతీయ రహదారులకు నెలవైన ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలను నేపథ్యంగా తీసుకోవడం జరిగింది. శోధన యంత్రం చూపేది అమ్మకానికి పెట్టిన సీట్ల జాబితా మాత్రమేనని, ప్రాంతీయ రవాణా వ్యవస్థ మొత్తానికి అది ప్రతిబింబం కాదని నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: ప్రయాణ శోధన, రెడ్‌బస్, అభిబస్, ఇక్సిగో, స్థలనామాలు, పల్లెవెలుగు, పాలమూరు, నల్లగొండ.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు నుంచి బెంగళూరుకు వెళ్ళే 44వ జాతీయ రహదారి ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా గుండా, విజయవాడకు వెళ్ళే 65వ జాతీయ రహదారి ఉమ్మడి నల్లగొండ జిల్లా గుండా సాగుతాయి. పాత లెక్కలో ఇవి 7వ, 9వ నంబరు రహదారులు. రాత్రి పొద్దుపోయాక ఈ రెండు దారుల మీద వందలాది ప్రైవేటు బస్సులు బారులు తీరుతాయి. అయినా ఈ రెండు జిల్లా కేంద్రాలలో ఒక్కటి కూడా ఆ రహదారుల మీద లేదు. మహబూబ్‌నగర్ వాసి బెంగళూరు బస్సు ఎక్కాలంటే సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని జడ్చర్లకు రావాలి. నల్లగొండ వాసి విజయవాడ బస్సును అందుకోవాలంటే నార్కట్‌పల్లి చౌరస్తాకు చేరాలి.

ప్రయాణికుడు తన ఊరి పేరును శోధన పెట్టెలో నమోదు చేసినప్పుడు, ఆ ఊరికి నిజంగా ఉన్న దారులన్నీ తెరపై కనిపిస్తాయా? కనిపించేవి ఏ క్రమంలో కనిపిస్తాయి? ఆ క్రమాన్ని ఎవరు నిర్ణయిస్తారు? కనిపించని దారుల మీద ప్రయాణించేవారు ఎవరు? ఈ ప్రశ్నలకు సమాధానం వెతకాలంటే ముందు ఈ వ్యాపారం ఎట్లా పుట్టిందో తెలుసుకోవాలి.

2. ఏజెంటు బల్ల నుంచి తెర దాకా

రైల్వేలో సీట్ల సమాచారం బస్సుల కంటే ముందే యంత్రానికి ఎక్కింది. దేశవ్యాప్త రిజర్వేషన్ కోసం రూపొందిన ‘కాన్సర్ట్’ అనే సాఫ్ట్‌వేరును 1994లో తొలుత సికింద్రాబాదులోనే అమలు చేశారు. 2002లో ఐ.ఆర్.సి.టి.సి. అంతర్జాలంలో టికెట్ల అమ్మకం ప్రారంభించింది. రైల్వేకు యజమాని ఒక్కరే కాబట్టి సీట్లన్నింటినీ ఒకే పట్టికలోకి తేవడం సాధ్యమైంది.

ప్రైవేటు బస్సుల పరిస్థితి ఇందుకు భిన్నం. యజమానులు అనేకులు, ఏజెంట్లు అంతకంటే అనేకులు. ప్రతి ఏజెంటు దగ్గర కొద్దిమంది యజమానుల ఫోను నంబర్లు, తనకు కేటాయించిన కోటా, సీట్లు గీసిన కాగితపు చార్టు ఉండేవి. ఒక ఏజెంటు దగ్గర సీటు లేదంటే బస్సులో సీటు లేదని అర్థం కాదు. అతని కోటాలో లేదని మాత్రమే అర్థం. ఒకవైపు బస్సులు ఖాళీ సీట్లతో కదులుతుంటే, మరొకవైపు ప్రయాణికులు టికెట్టు దొరకక వెనుదిరిగేవారు.

2005 దీపావళికి బెంగళూరు నుంచి హైదరాబాదు రావాలనుకున్న యువ ఇంజనీరు ఫణీంద్ర సామకు ఎదురైన అనుభవం ఇదే. ఏజెంట్ల చుట్టూ తిరిగినా టికెట్టు దొరకలేదు. సీటు ఉన్నదో లేదో కచ్చితంగా చెప్పగలిగినవారు ఎవరూ లేరన్న సంగతి ఆయనను ఆలోచింపజేసింది. బిట్స్ పిలానీలో తనతో చదివిన చరణ్ పద్మరాజు, సుధాకర్ పసుపునూరిలతో కలిసి 2006లో ‘రెడ్‌బస్’ను స్థాపించారు. యజమానులకు సాఫ్ట్‌వేరు ఇవ్వాలన్నది వారి తొలి ఆలోచన. దానికి ఆదరణ లభించకపోవడంతో, కొన్ని సీట్లు తీసుకొని అంతర్జాలంలో అమ్మి చూపారు. ఆయనకు టికెట్టు దొరకని ప్రయాణపు దారి మహబూబ్‌నగర్ జిల్లా మీదుగా సాగే బెంగళూరు–హైదరాబాదు రహదారే కావడం ఇక్కడ గమనార్హం.

2008లో హైదరాబాదు కేంద్రంగా సుధాకర్ రెడ్డి చిర్రా ‘అభిబస్’ను ప్రారంభించారు. ఆ తరువాత ఈ రెండు సంస్థలూ చేతులు మారాయి. రెడ్‌బస్‌ను 2013లో ఇబిబో సంస్థ కొనుగోలు చేసింది. ఆ సంస్థ 2017లో మేక్‌మైట్రిప్‌లో విలీనమైంది. అభిబస్ 2021లో ఇక్సిగో పరమైంది. తెలుగువారు తమ దారుల కోసం కట్టుకున్న రెండు వేదికలు ఈ విధంగా జాతీయస్థాయి సంస్థలలో భాగమయ్యాయి.

3. వెతికిపెట్టేవారు, అమ్మిపెట్టేవారు

సామాన్య వ్యవహారంలో వీటన్నింటినీ ‘యాప్’ అనే ఒకే మాటతో పేర్కొంటున్నప్పటికీ, ఈ వ్యాపారంలో మూడు పాత్రలు ఉన్నాయి.

మొదటిది పంపిణీ వ్యవస్థ. రవాణాదారు దగ్గరి సీట్ల పట్టికను యంత్రానికి అర్థమయ్యే రూపంలో ఉంచి, అమ్మేవారందరికీ ఏకకాలంలో అందించడం దీని పని. విమానయానంలో అమెరికన్ ఎయిర్‌లైన్స్, ఐ.బి.ఎం. కలిసి 1960ల నాటికే నిర్మించిన ‘సేబర్’ ఇందుకు తొలి ఉదాహరణలలో ఒకటి.

రెండవది అంతర్జాల ఏజెన్సీ. ఇది టికెట్టును స్వయంగా అమ్ముతుంది. డబ్బు వసూలు చేస్తుంది. రద్దయితే తిరిగి చెల్లిస్తుంది. రెడ్‌బస్, అభిబస్, మేక్‌మైట్రిప్ ఈ కోవకు చెందినవి.

మూడవది అసలైన శోధన యంత్రం. ఇది టికెట్టు అమ్మదు. పలు ఏజెన్సీల ధరలను పక్కపక్కన చూపి, ప్రయాణికుడు ఎంచుకున్న చోటికి అతనిని పంపిస్తుంది. స్కైస్కానర్, 2004లో మొదలైన కయాక్, 2011లో వచ్చిన గూగుల్ ఫ్లైట్స్ ఇటువంటివి. మన దేశంలో 2007లో ఇక్సిగో ఈ రూపంలోనే ఆరంభమైంది.

అయితే ఈ హద్దులు స్థిరమైనవి కావు. ఇక్సిగో కాలక్రమంలో తానే టికెట్లు అమ్మడం మొదలుపెట్టింది. రైలు నిరీక్షణ జాబితాలో సీటు ఖరారయ్యే అవకాశాన్ని అంచనావేసే ‘కన్ఫర్మ్‌టికెట్’ను, అభిబస్‌ను 2021లో సొంతం చేసుకుంది. 2024 జూన్‌లో దాని మాతృసంస్థ షేర్లు స్టాక్ మార్కెట్లో నమోదయ్యాయి. బేరం కుదిర్చే మధ్యవర్తే క్రమంగా దుకాణదారు కావడాన్ని ఈ పరిణామంలో గమనించవచ్చు. అమ్మకం తనదైన తరువాత, ఏ సరుకును ముందు వరుసలో పెట్టాలన్న విషయంలో అతనికి సొంత లాభనష్టాలు ఏర్పడతాయి.

4. ఆదాయం వచ్చే దారులు

వెతకడానికి ప్రయాణికుడు రూపాయి చెల్లించడు. అయినా వ్యాపారం నడవడానికి ప్రధానంగా ఐదు ఆదాయమార్గాలు ఉన్నాయి.

ఒకటి, కమీషన్. అమ్ముడైన ప్రతి సీటుపై రవాణాదారు కొంత శాతం చెల్లిస్తాడు. పాత ఏజెంటుకు దక్కినది కూడా ఇదే. 
రెండు, సౌకర్య రుసుము. ఇది ప్రయాణికుడి నుంచి వసూలయ్యేది. ఐ.ఆర్.సి.టి.సి. 2019 సెప్టెంబరు 1 నుంచి ఏసీ లేని తరగతుల టికెట్టుకు 15 రూపాయలు, ఏసీ తరగతులకు 30 రూపాయలు, పన్ను అదనంగా, ఈ రుసుమును తిరిగి ప్రవేశపెట్టింది. యు.పి.ఐ. ద్వారా చెల్లించేవారికి అది 10, 20 రూపాయలు. 
మూడు, క్లిక్కుకు చెల్లింపు. శోధన యంత్రం నుంచి ప్రయాణికుడు ఏజెన్సీ వేదికకు వెళ్ళినందుకు ఆ ఏజెన్సీ కొంత సొమ్ము ఇస్తుంది. అతడు టికెట్టు కొన్నా కొనకపోయినా ఇది చెల్లుతుంది. 
నాలుగు, ప్రకటనలు. జాబితాలో పైకి రావడానికి రవాణాదారులు, హోటళ్ళు ఇచ్చే సొమ్ము ఇందులో చేరుతుంది. 
ఐదు, అనుబంధ సేవలు. ప్రయాణ బీమా, రద్దు చేసుకుంటే పూర్తి సొమ్ము వాపసు ఇస్తామన్న హామీ, రవాణాదారులకు అద్దెకిచ్చే సాఫ్ట్‌వేరు వంటివి ఈ కోవలోకి వస్తాయి.

వీటన్నింటికీ మూలధనం ప్రయాణికుడి అన్వేషణే. ఏ తేదీన, ఏ ఊరి నుంచి ఏ ఊరికి, ఎంతమంది వెతుకుతున్నారన్న సమాచారం ఒక్క బస్సు యజమానికి ఉన్నదానికంటే వేదికకు ఎక్కువగా తెలుస్తుంది. సంక్రాంతికి విజయవాడ దారిలో ఎంత రద్దీ ఉండబోతున్నదో పంతంగి టోల్‌గేటు దగ్గర వాహనాలు బారులు తీరకముందే శోధనల లెక్క చెప్పగలదు. పండుగ రోజుల్లో ఛార్జీలు ఎంత పెంచినా సీట్లు నిండుతాయన్న ధైర్యం యజమానికి ఈ లెక్క నుంచే లభిస్తుంది. 2005 దీపావళినాడు టికెట్టు దొరకలేదు. నేటి దీపావళికి టికెట్టు దొరుకుతుంది, ధర మాత్రం అందదు. కొరత పోలేదు; దాని రూపం మారింది.

5. పై వరుస విలువ

జాబితాలో మొదట కనిపించినదే ఎక్కువగా అమ్ముడవుతుందన్న సత్యం అంతర్జాలం కంటే పాతది. 1976 నుంచి అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన సేబర్ తెరలను ట్రావెల్ ఏజెంట్ల బల్లల మీద ఏర్పాటు చేసింది. ఏజెంట్లు ఎక్కువగా తొలి తెరలోని విమానాలనే ఎంపిక చేసేవారు. తెరల యజమానులైన విమాన సంస్థలు తమ విమానాలనే ముందుగా చూపడం వివాదాస్పదమైంది. 1984లో అక్కడి పౌర విమానయాన మండలి అటువంటి పక్షపాత ప్రదర్శనను నిషేధిస్తూ నియమాలు విధించింది.

మన దేశంలో ఈ సమస్య హోటళ్ళ రంగంలో విచారణకు వచ్చింది. ఇతర వేదికలపై తక్కువ ధరకు గదులు ఇవ్వరాదన్న షరతులను, ఒక హోటళ్ళ సంస్థకు ఇచ్చిన ప్రత్యేక ప్రాధాన్యాన్ని తప్పుపట్టి, 2022 అక్టోబరులో భారత పోటీ కమిషన్ మేక్‌మైట్రిప్–గోఐబిబోలకు 223.48 కోట్ల రూపాయల జరిమానా విధించింది. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పదమూడు రకాల మోసపూరిత రూపకల్పనలను గుర్తించి మార్గదర్శకాలు ప్రకటించింది. లేని తొందరను కల్పించడం, అడగని సేవను బిల్లులో చేర్చడం, చివరి మెట్టు దాకా అసలు ధరను దాచడం వాటిలో ఉన్నాయి. ‘రెండు సీట్లే మిగిలాయి’ అన్న ఎర్రని అక్షరాలు, ముందే గుర్తుపెట్టి ఉంచిన బీమా గడి ప్రయాణ టికెట్లు కొనేవారికి సుపరిచితాలే.

6. ఊరి పేరు, యంత్రం

శోధన ఊరి పేరుతో మొదలవుతుంది. యంత్రానికి ఊరు అంటే ఒక అక్షరాల వరుస, దానికి జతచేసిన ఒక సంకేతం. రైల్వే వ్యవస్థలో మహబూబ్‌నగర్ ‘ఎం.బి.ఎన్.ఆర్.’, నల్లగొండ ‘ఎన్.ఎల్.డి.ఎ.’. పేరు తప్పుగా నమోదైనప్పుడు యంత్రం దానికి అతి దగ్గరి పేరును సూచిస్తుంది. ఒక పదాన్ని మరొక పదంగా మార్చడానికి ఎన్ని అక్షరాలు చేర్చాలో, తీసివేయాలో, మార్చాలో లెక్కించి దగ్గరితనాన్ని కొలిచే పద్ధతిని సోవియట్ గణితవేత్త లెవెన్‌స్టైన్ 1965లో ప్రతిపాదించాడు. ఇటువంటి కొలతలే నేటి సూచనలకు ఒక ముఖ్య ఆధారం.

ఈ కొలతకు అక్షరాలే తెలుసు, నేల తెలియదు. మహబూబ్‌నగర్, మహబూబాబాద్ పేర్లలో మొదటి మూడు అక్షరాలు ఒకటే. మొదటిది కృష్ణా తీరానికి చేరువైన జిల్లా, రెండవది వరంగల్ వైపు జిల్లా. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరిట 1890లో మహబూబ్‌నగర్‌కు ఆ పేరు వచ్చింది. ప్రజల నోట నేటికీ నిలిచిన పేర్లు పాలమూరు, మానుకోట. ఈ రెండింటి మధ్య పొరపాటుకు తావే లేదు. అంటే అధికారిక నామాలు తెచ్చిన గందరగోళాన్ని దేశి నామాలు ఇట్టే తొలగించగలవు. నల్లగొండ జిల్లాలోని దేవరకొండ, మహబూబ్‌నగర్ జిల్లాలోని దేవరకద్ర మరొక జంట. ఇక్కడ కూడా మొదటి మూడక్షరాలు ఒకటే, నాలుగో అక్షరంలో హల్లూ ఒకటే.

నల్ల, కొండ అన్న పదాల సమాసంలో కకారం గకారమై ‘నల్లగొండ’ ఏర్పడింది. రోమన్ లిపిలో ఒక లకారం, ఒక అచ్చు తగ్గి ‘నల్గొండ’ అయింది. దాని ప్రాచీన నామం నీలగిరి. ఆ పేరుతో వెతికితే యంత్రానికి గుర్తుకువచ్చేది తమిళనాడులోని నీలగిరి కొండలే. ‘వనపర్తి రోడ్’ స్టేషను పేరు చూసి పట్టణంలోనే రైలు దిగుతామనుకుంటే పొరపాటు. అది పట్టణానికి దూరంగా మదనాపురం వద్ద ఉన్నది. సూర్యాపేటకు, నాగర్‌కర్నూలుకు రైల్వే స్టేషనే లేదు.

ఎక్కే చోట్ల పేర్లది మరొక సమస్య. తెలంగాణ వ్యవహారంలోని ‘చౌరస్తా’ తెరపై ఒకచోట ఎక్స్ రోడ్డుగా, ఒకచోట క్రాస్ రోడ్డుగా, ఇంకొకచోట పెట్రోలు పంపు పేరుతో కనిపిస్తుంది. తెల్లవారుజామున రెండు గంటలకు ఎర్రవల్లి చౌరస్తాలో నిలబడిన ప్రయాణికుడికి ఇది కేవలం భాషాసమస్య కాదు. బస్సు వంతెన పైనుంచి వస్తుందా, కిందినుంచి వస్తుందా అన్నది పేరులో తెలియకపోతే బస్సు తప్పిపోతుంది.

7. జాబితాకు ఎక్కని ప్రయాణాలు

యంత్రం చూపే సీటుకు మూడు లక్షణాలు ఉండాలి: సంఖ్య, ముందస్తు ధర, అమ్మితే దక్కే ప్రతిఫలం. ఈ మూడూ లేని ప్రయాణాలు తెరపైకి రావు.

పల్లెవెలుగు బస్సు ఇందుకు ప్రధాన ఉదాహరణ. దానికి రిజర్వేషన్ లేదు. సీటు సంఖ్య లేదు. అచ్చంపేట, మునుగోడు, కోస్గి, దేవరకొండ చుట్టుపక్కల పల్లెలకు నిత్యజీవితంలో అదే ఆధారం. 2023 డిసెంబరు 9న ప్రారంభమైన మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ మహిళలు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచితంగా ప్రయాణిస్తున్నారు. కండక్టరు ఇచ్చే ‘జీరో టికెట్టు’పై కమీషన్ ఉండదు. ఆస్పత్రికి, అంగడికి, కళాశాలకు సాగే ఈ ప్రయాణాల విస్తృతి ఎంతటిదైనా, ప్రైవేటు శోధన వ్యాపారం దృష్టిలో అవి లేనట్టే లెక్క.

రెండవ ఉదాహరణ పాలమూరు వలస కూలీలది. ముంబై, పుణె వైపు వారి ప్రయాణాలు దశాబ్దాల నాటివి. అడ్వాన్సు తీసుకొని గుంపుగా కదిలే కూలీలకు దారిని నిర్ణయించేది మేస్త్రీ. వాహనం మాట్లాడేదీ అతడే. ప్రయాణపు ఖర్చు వారి కూలి లెక్కలో కలిసిపోతుంది. ధరలను పోల్చి చూసే అవకాశమే వారికి లేదు. శోధన యంత్రం ఏజెంటు గుత్తాధిపత్యాన్ని తగ్గించిందన్న మాట నిజమే. కాని ఆ విముక్తి సొంతంగా టికెట్టు కొనగలిగినవారికే దక్కింది.

మూడవది, చివరి అంచె ప్రయాణం. ఈ రెండు జిల్లాలకు విమానాశ్రయం లేదు, శంషాబాదే దిక్కు. అమెరికా నుంచి శంషాబాదు దాకా ప్రతి నిమిషాన్ని లెక్కించి చూపే యంత్రం, అక్కడినుంచి కల్వకుర్తి దగ్గరి పల్లెకు చేరే దారి దగ్గర మౌనం వహిస్తుంది. అక్కడ బంధువు పంపే కారు, చౌరస్తాలో నిలిచే ఆటో, చివరి బస్సు వేళ తెలిసిన పెద్దమనిషి – ఇవే నేటికీ శోధన యంత్రాలు.

8. పాలెం నేర్పిన పాఠం

2013 అక్టోబరు 30 తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాదు వస్తున్న ప్రైవేటు ఏసీ బస్సు నాటి మహబూబ్‌నగర్ జిల్లా కొత్తకోట సమీపంలోని పాలెం వద్ద కల్వర్టును ఢీకొని అగ్నికి ఆహుతైంది. 45 మంది ప్రాణాలు కోల్పోయారు. దీపావళికి ఇంకా నాలుగు రోజులే ఉన్నది. మృతదేహాలను గుర్తించడానికి డి.ఎన్.ఏ. పరీక్షలు అవసరమయ్యాయి. అనంతరం రవాణాశాఖ ప్రైవేటు బస్సుల తనిఖీలను ముమ్మరం చేసింది.

ఈ దుర్ఘటన శోధన జాబితాకు సంబంధించి రెండు విషయాలను ముందుకు తెస్తుంది. మొదటిది, జాబితాలోని సమాచార స్వభావం. సీటు వాలుతుందా, దుప్పటి ఇస్తారా, ఫోను ఛార్జింగు ఉన్నదా అన్నవి తెరపై వరుసగా కనిపిస్తాయి. అత్యవసర ద్వారం ఎక్కడున్నది, బస్సుకు యోగ్యతాపత్రం ఎప్పటిదాకా ఉన్నది, డ్రైవరు ఎన్ని గంటలుగా నడుపుతున్నాడు అన్నవి ధరను పోల్చే వేళ కంటికి ఆనే చోట ఉండవు. ప్రయాణికులు ఇచ్చే నక్షత్రాలు గమ్యం చేరినవారి సౌఖ్యాన్ని తెలుపుతాయి; ప్రమాదపు సంభావ్యతను తెలుపలేవు.

రెండవది బాధ్యత. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం మొత్తం వాహనాన్ని ఒక ఒప్పందంపై అద్దెకు తీసుకునేది కాంట్రాక్టు క్యారేజి. విడివిడి ఛార్జీలతో ప్రయాణికులను చేరవేసేది స్టేజి క్యారేజి. కాంట్రాక్టు క్యారేజి అనుమతితో తిరిగే బస్సులో ఒక్కొక్క సీటును విడిగా అమ్మి, దారి పొడవునా ఎక్కించుకోవడం ఈ రెండింటి మధ్య గీతను చెరిపివేస్తుంది. రవాణాశాఖ కేసులు బస్సు యజమానిపై నమోదవుతాయి. సీటును అమ్మిన వేదిక తాను మధ్యవర్తిని మాత్రమేనంటుంది. 2019 సవరణ చట్టంలోకి ‘అగ్రిగేటర్’ అన్న నిర్వచనం తెచ్చినప్పటికీ, అది ప్రయాణికుడిని డ్రైవరుతో కలిపే డిజిటల్ మధ్యవర్తి అన్న మాటలతోనే సాగింది. కాబట్టి అది ప్రధానంగా ట్యాక్సీ యాప్‌లకు సరిపోయే నిర్వచనం. లాభం టికెట్టు అమ్మిన చోట, బాధ్యత రోడ్డు మీద ఉండిపోయే ఈ ఏర్పాటు పునఃపరిశీలించదగినది.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• శోధన యంత్రాలు కాగితపు చార్టుల కాలంలోని అజ్ఞానాన్ని తొలగించాయి. ఖాళీ సీటును, దానికి తగిన ప్రయాణికుడిని కలపడం వాటి నిజమైన సేవ. ఈ మార్పులో తెలుగువారి పాత్ర గణనీయం.

• ఈ వ్యాపారంలో ప్రయాణికుడు కొనుగోలుదారు మాత్రమే కాక సరుకు కూడా. అతని దృష్టి, అతని అన్వేషణ రవాణాదారులకు అమ్ముడవుతాయి. అందువల్ల జాబితాలోని క్రమాన్ని నిష్పాక్షిక సమాచారంగా భావించరాదు.

• దారిలోని ఊళ్ళు తెరపై ‘ఎక్కే చోటు’గా కుదించబడుతున్నాయి. పాలమూరు, మానుకోట, నీలగిరి వంటి వ్యవహార నామాలను, చౌరస్తాల స్థానిక నామాలను తెలుగు లిపిలో పట్టికలకు ఎక్కించడం అత్యవసరం. స్థలనామ పరిశోధకులు ఈ పనికి తోడ్పడగలరు.

• పల్లెవెలుగు వేళలను, మార్గాలను ఎవరైనా వాడుకోగల బహిరంగ సమాచారంగా ఆర్టీసీ అందించినట్లయితే, కమీషన్ లేని ప్రయాణాలకు కూడా తెరపై చోటు దొరుకుతుంది.

• ధర, సౌకర్యాలతో సమానంగా వాహనం అనుమతి, యోగ్యత వివరాలు కనిపించాలి. సీటును అమ్మినవారికి భద్రతలోనూ వాటా ఉండాలి.

రాత్రివేళ జడ్చర్ల, నార్కట్‌పల్లి చౌరస్తాలలో సంచితో నిలబడిన మనిషి చేతిలో నేడు ఫోను ఉన్నది. రాబోయే బస్సు ఎంత దూరంలో ఉన్నదో అది చెబుతుంది. ఆ బస్సు ఎంత భద్రమైనదో, అది తప్పిపోతే ఊరికి మరొక దారి ఏమున్నదో కూడా చెప్పగలిగిన రోజున, అది అమ్మకపు జాబితాను దాటి నిజమైన దారిసూచిక అవుతుంది.